నాలుగు దాటితే గరగర

నతానియేలు గిటారు తగిలించి వాయించే యాంప్లిఫయరు అతని వయసుకు రెట్టింపు పాతది. లోపల పాత రేడియోల్లో ఉన్నట్టు గాజు వాల్వులు. ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఒక ఇంజను డ్రైవరు దాన్ని కాజీపేట రైల్వే కాలనీలోని చర్చికి ఇచ్చిపోయాడు. వాల్యూం మూడు మీద పెడితే గిటారులో ఒక్కో తీగా తేటగా, విడివిడిగా పలికేది. నాలుగు దాటిందా, గరగర. జలుబు చేసిన మనిషి గొంతు చించుకున్నట్టు ఉండేది.

నతానియేలుకు కావలసింది ఒక్కటే. ఆ తేటదనం పోకూడదు, కానీ ఇంకా గట్టిగా వినపడాలి.

దానికోసం జిలానీ సాహెబు దగ్గరికి వెళ్ళాడు. ఆయనకు డెబ్బై దాటాయి. కుర్రతనంలో రైల్వే వాళ్ళ డాన్సు బ్యాండులో గిటారు వాయించాడు. ఇప్పుడు ఇంటి ముందుగదిలో పాత వాల్వు రేడియోలు బాగుచేస్తుంటాడు. నతానియేలు చేతికి గిటారు ఇచ్చి, తీగ మీద వేలు ఎలా పెట్టాలో నేర్పింది ఆయనే.

మొదటిసారి ఆయన లోపల ఎండిపోయిన కండెన్సర్లు తీసి కొత్తవి వేశాడు. తేటదనం ఐదు దాకా వచ్చింది. నతానియేలు ఆయన చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళాడు. రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు.

"ఐదు దాటితే పగుల్తున్నది ఉస్తాద్."

ఈసారి ఆయన వరసలో మొదటి చిన్న వాల్వు తీసి, దానికంటే బలం తక్కువది పెట్టాడు. నతానియేలు కంగారుపడ్డాడు.

"తక్కువ బలందా? నేను ఎక్కువ కావాలంటే?"

"మొదట్లనే అరిస్తే చివరిదాక తేటగ ఎట్లుంటది?" అన్నాడు జిలానీ సాహెబు.

నిజంగానే ఏడు దాకా గరగర లేదు. నెల తిరగకుండా నతానియేలు మళ్ళీ గుమ్మంలో ఉన్నాడు.

"ఏడు దాటితే..."

మూడోసారి స్పీకరు మార్చాడు. అదే వాల్యూంకి ఎక్కువ శబ్దం ఇచ్చే రకం అది. బిగించి, చేతులు తుడుచుకుని, "ఇగ చాలా?" అని అడిగాడు.

"చాలు ఉస్తాద్. ఇగ రాను."

గుడ్ ఫ్రైడే ఇంకా వారం ఉందనగా స్కూటరు ముందు యాంప్లిఫయరు పెట్టుకుని వచ్చాడు.

జిలానీ సాహెబు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఏమైంది?"

"తొమ్మిది దాటితే..."

"పదితోని అయిపోతయి గదరా నంబర్లు!"

"ఈసారి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేద్దాం. వెనక రెండు వాల్వులున్నయి గదా, నాలుగు చేద్దాం. అప్పుడు..."

"అప్పుడు ఇంకో చర్చి కట్టాలె. ఇది సరిపోదు." స్క్రూడ్రైవరు బల్ల మీద పడేశాడు. "తగ్గించి వాయించమని నీకు ఎన్నిసార్లు చెప్పిన?"

"తగ్గిస్తే నాకే వినపడ్తలేదు ఉస్తాద్!" నతానియేలు గొంతు కూడా లేచింది. "పాస్టరు గారు చెప్పేసిండు, గుడ్ ఫ్రైడే నాడు గరగరమంటే ఇగ చర్చిల గిటారు బందే అని. మొన్న ప్రాక్టీసుల పాట పాడే సుగుణమ్మ గారు నా దిక్కు చూసి తల పట్టుకున్నది. ఎనిమిదేండ్ల సంది వాయిస్తున్న. నన్నేం చేయమంటరు?"

ఆ చివరి మాటకు అతని కళ్ళు చెమర్చాయి. జిలానీ సాహెబు కళ్ళద్దాలు మళ్ళీ ముక్కు మీదికి దించుకున్నాడు.

"ప్రాక్టీసు ఎప్పుడు?"

"రేపు. మూడింటికి."

"నేనొస్త. పో."

మర్నాడు మూడింటికి చర్చిలో ముగ్గురే ఉన్నారు. సుగుణమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ప్రతి గుడ్ ఫ్రైడేకి ఒకే పాట పాడేది. అది ఏ పాటల పుస్తకంలోనూ లేదు. రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన ఆమె తండ్రి కట్టుకున్న పాట. ఆ రోజు డ్రమ్ములుండవు, కీబోర్డుండదు. ఆమె గొంతూ, నతానియేలు గిటారూ.

యాంప్లిఫయరు నేల మీద, నతానియేలు నిలబడే చోటికి సరిగ్గా వెనక ఉంది. జిలానీ సాహెబు దాన్ని చూశాడు. దాని శబ్దం తగిలే అతని పిక్కల వైపు చూశాడు, తర్వాత ఎక్కడో పైనున్న చెవుల వైపు.

"గిటారు ఇటియ్యి. నువ్వు పోయి చివరి బెంచీల కూర్చో."

"నేనక్కడ కూర్చుంటే వాయించేదెవరు?"

"నాకు చేతుల్లేవా?"

నతానియేలు విసవిసా నడిచి వెళ్ళి చివరి బెంచీలో కూలబడ్డాడు. గిటారు పట్టినప్పటి నుంచి అతను అక్కడ కూర్చోనేలేదు. దూరం నుంచే కనిపించింది, ఉస్తాద్ నాబు తిప్పుతున్నాడు. తొమ్మిది మీది నుంచి మూడు మీదికి.

"మూడా? ఏం వినపడ్తది ఉస్తాద్?"

"నోర్మూసుకొని కూర్చో బేటా."

జిలానీ సాహెబు వేళ్ళకు మునుపటి వేగం లేదు. అందుకే కాబోలు, తక్కువ స్వరాలే వాయించాడు. మొదటి స్వరం ఖాళీ బెంచీల మీదుగా వచ్చి నతానియేలు చెవిలో తేటగా పడింది. అతను ముందుకు వంగాడు.

సుగుణమ్మ పాడటం మొదలుపెట్టింది. పంక్తికీ పంక్తికీ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం కూడా అంత దూరానికి వినిపించింది. మొదటి చరణం అయింది. రెండోదీ అయింది. నతానియేలు లేవబోయాడు. పాట అక్కడికి అయిపోతుంది. ఇన్నేళ్ళుగా రెండో చరణం కాగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసేది, అతను ముగింపు వాయించేవాడు.

ఆమె వెనక్కి వెయ్యలేదు. కళ్ళు మూసుకుంది.

"పట్టాలు మోసిన నా భుజము మీద
నీ సిలువ తేలికాయె తండ్రీ..."

నతానియేలు లేచినవాడు లేచినట్టే నిలబడిపోయాడు. ఆ పాటకు మూడో చరణం ఉందని అతనికి తెలియదు.

పాట అయ్యాక నెమ్మదిగా నడిచి ముందుకు వచ్చాడు. "ఇది ఎప్పుడూ పాడలేదు గదమ్మా?"

సుగుణమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ మామూలుగానే చెప్పింది. "ఊపిరి ఉండొద్దా బిడ్డా? నీ గిటారు మోత మీంచి వినపడేటట్టు రెండు చరణాలు పాడేసరికే అయిపోతది."

జిలానీ సాహెబు చెయ్యి నాబు మీద పెట్టి శిష్యుడి వైపు చూశాడు.

"పెంచాల్నా?"

నతానియేలు జేబులన్నీ వెతికి ఒక కాగితం ముక్కా, పెన్నూ తీశాడు. సుగుణమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఆ చరణం మళ్ళొకసారి చెప్పండమ్మా. రాసుకుంట."