మలుపు దగ్గర మిగిలిపోయిన రాళ్లు

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ కలిసి ఒక పట్నం కట్టుకున్నాయి. అడవిలో పట్నమేమిటని నవ్వకండి. వాటికీ సంత ఉంది, వీధులున్నాయి, వీధుల్లో తగువులున్నాయి. పట్నం అనిపించుకోవడానికి ఇంకేం కావాలి?

ఆ పట్నానికి ఒక చివర సంత, ఇంకో చివర గుట్ట. రెంటి మధ్యా వాగు గట్టు మీద ఒక సన్నటి బాట. నడిచేవాళ్లు దాని మీదే నడవాలి, సైకిలు తొక్కేవాళ్లు దాని మీదే తొక్కాలి. ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క కిందికి దిగిపోయే వాగు. చీకట్లో ఎవరూ అందులో పడకూడదని బాట పొడుగునా దీపస్తంభాలు పాతారు. ఒక్కో స్తంభం మీద ఒక్కో గాజు బుడ్డి. ఆ బుడ్డిలో మిణుగురులు కాపురముంటాయి. పొద్దు వాలగానే అవి వెలుగుతాయి.

ఆ ఊరివాళ్లకి ఒక మంచి అలవాటు ఉంది. బాట మధ్యలో ఎవరి బండైనా ఆగిపోతే, ముందు దాని చుట్టూ రాళ్లు పెడతారు. పైన ఒక పచ్చి కొమ్మ గుచ్చుతారు. వెనక వచ్చేవాళ్లు చూసి తప్పుకోవాలని. ఎంత బాగుందో చూడండి! కానీ బండి బాగుపడగానే తోసుకుని వెళ్లిపోతారు. రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. పెట్టేటప్పుడు ఉన్న బుద్ధి తీసేటప్పుడు ఎక్కడికి పోతుందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఆ పట్నంలో జంబయ్య అని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. మూడు చక్రాల తొక్కుడు బండి మీద తేనె కుండలు పెట్టుకుని సంతలో అమ్మేవాడు. అతని భార్య నేరేళ్లు నిండు నెలలతో ఉంది. వాళ్ల గుహ గుట్ట మీద. పెళ్లయిన ఎన్నాళ్లకో కడుపు పండింది. అందుకని జంబయ్యకి ఈమధ్య చీమ చిటుక్కుమన్నా గుండె దడదడలాడుతోంది.

ఒక సాయంత్రం సంతలో ఉండగా కాకి ఎగురుకుంటూ వచ్చింది.

"జంబయ్యా! మీ ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి. తొందరగా పో!" అంది.

జంబయ్య చేతిలో కుండ జారిపోయింది. తేనె నేలపాలైనా చూసుకోలేదు. బండెక్కి నేరుగా సూరమ్మ ఇంటికి తొక్కాడు. సూరమ్మ ముసలి కొండముచ్చు. ఆ పట్నంలో పురుళ్లు పోసేది ఆమే. ఆ ఊళ్లో చాలామంది పిల్లలు కళ్లు తెరిచి మొదట చూసింది ఆమె మొహమే. ఇంత వయసులోనూ సైకిలు మీద, బెల్లు గణగణలాడించుకుంటూ తిరిగేది.

"అవ్వా, నేరేళ్లకి నొప్పులు! నాకేం తోచడం లేదు!" అన్నాడు జంబయ్య.

"నీకు తోచకపోతే మునిగిందేం లేదు. కనేది నువ్వు కాదుగా!" అంది సూరమ్మ. "నువ్వు ముందు పో. పొయ్యి మీద నీళ్లు పెట్టు. మందుల సంచి సర్దుకుని నీ వెనకే వస్తాను."

జంబయ్య బండి తొక్కాడు. గుట్ట కిందికి వచ్చేసరికి బాట ఒకచోట మలుపు తిరుగుతుంది. అక్కడ అడవిపంది వరహాలు ఇల్లు కట్టుకుంటున్నాడు. ఇసుకంతా తెచ్చి బాట మీద కుప్ప పోశాడు. సగం బాట ఇసుకే. జంబయ్యకి ఒళ్లు మండింది.

"ఇదేమన్నా మీ తాత కట్టించిన బాటా, వరహాలూ? ఎలా పోవాలి?" అని అరిచాడు.

"పక్కనుంచి పో బావా! గోడ లేచాక ఎత్తేస్తానుగా!" అన్నాడు వరహాలు, తాపీగా.

ఆ మలుపులో ఒక దీపస్తంభం ఉంది. ఉండడం ఉంది కానీ, దాని మీదికి ఉడుత చిట్టెమ్మ బీరపాదు పాకించింది. ఆకులు బుడ్డిని కప్పేశాయి. లోపల మిణుగురులు ఎంత వెలిగినా కిందికి వెలుగు రాదు. ఎవరైనా అడిగితే చిట్టెమ్మ, "పిందెల మీదుంది. ఇప్పుడు తెంపితే పాపం కాదూ?" అనేది.

జంబయ్య ఇసుక కుప్ప పక్కనుంచి, వాగు అంచున, బిక్కుబిక్కుమంటూ బండి తోశాడు. కుప్ప దాటాడో లేదో, టక్కుమని చప్పుడైంది. చెయిను ఊడి చక్రంలో ఇరుక్కుంది.

"ఇప్పుడే రావాలా నీకు ఈ రోగం!" అని బండిని ఒక్క తన్ను తన్నాడు.

చీకటి పడుతోంది. వెనకనుంచి ఎవరైనా సైకిలు మీద వస్తే బండిని గుద్దుకుంటారు. అందుకని అలవాటు ప్రకారం వాగు ఒడ్డునుంచి పెద్ద పెద్ద రాళ్లు తెచ్చి బండి వెనకాల పెట్టాడు. కొమ్మ ఒకటి విరిచి పైన గుచ్చాడు. అప్పుడు చెయిను లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. వేళ్లు నలిగాయి. మూడోసారి పళ్లు బిగించి లాగితే వచ్చింది.

బండెక్కబోతుంటే ఆకుల్లోంచి సన్నటి గొంతులు వినిపించాయి.

"మామా, జంబయ్య మామా! రాళ్లు తియ్యలేదు!"

మిణుగురులు. జంబయ్య వెనక్కి చూశాడు. గుచ్చిన కొమ్మ అప్పుడే పక్కకి ఒరిగిపోయింది. రాళ్లు నల్లగా, నేలలో కలిసిపోయి ఉన్నాయి.

"మా వెలుగు కింద దాకా రావడం లేదు మామా. ఆకులు అడ్డం. ఎవరికీ కనపడవు!" అన్నాయి మిణుగురులు.

జంబయ్య ఒక కాలు కింద పెట్టాడు. రాళ్లు పెద్దవి. ఒక్కొక్కటీ మోసి అవతల పడెయ్యాలి. అక్కడ నేరేళ్లు ఒంటరిగా ఉంది. ఏమవుతోందో ఏమో.

"వెలుగు రాకపోతే ఆ చిట్టెమ్మని అడగండి. బాట ఇరుకైతే ఆ వరహాల్ని అడగండి. నా పెళ్లాం అక్కడ నొప్పులు పడుతోంది! వచ్చేవాళ్లు ఎవరో ఒకరు తీస్తార్లే!" అన్నాడు.

కాలు పైకెత్తి, తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేసరికి నేరేళ్లు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖమంతా చెమట.

"సూరమ్మవ్వ ఏది?" అంది.

"వెనకే వస్తోంది. ఇదిగో వచ్చేస్తుంది."

పొయ్యి రాజేసి నీళ్లు పెట్టాడు. గుమ్మంలోకి వెళ్లి చూశాడు. బాట పొడుగునా దీపాలు వెలిగాయి. మలుపు దగ్గర మాత్రం చీకటి. సైకిలు బెల్లు వినపడలేదు. ముసలిది కదా, మెల్లిగా వస్తుంది అనుకున్నాడు.

నీళ్లు కాగాయి. నేరేళ్లు మూలిగింది. జంబయ్య మళ్లీ గుమ్మంలోకి వెళ్లాడు. చెవులు రిక్కించాడు. కప్పల బెకబెక తప్ప ఏమీ లేదు. సంచి సర్దుకోవడం ఆలస్యమైందేమో అనుకున్నాడు. 

నీళ్లు మరిగి సగమయ్యాయి. నేరేళ్లు ఈసారి గట్టిగా అరిచింది. "ఎక్కడిదాకా వచ్చిందయ్యా? నావల్ల కావడం లేదు!"

జంబయ్య మూడోసారి గుమ్మంలో నిలబడ్డాడు. చీకటిగా ఉన్న ఆ మలుపుకేసి చూశాడు. అప్పుడు గుర్తొచ్చాయి రాళ్లు.

భార్య ముందు కూలబడ్డాడు. "నేరేళ్లూ, మలుపులో రాళ్లు పెట్టాను. తియ్యకుండా వచ్చేశాను. అక్కడ దీపం లేదు. అవ్వ ఆ దారినే రావాలి."

నేరేళ్లు అతనికేసి చూసింది. తిట్టే ఓపిక కూడా లేదు. "పో. నేను ఎలాగో ఉంటాను. పో!" అంది.

ఏం చెయ్యాలి? ఉంటే సాయం రాదు. వెళితే ఆమె ఒక్కతే. జంబయ్య ఏడుపు మింగుకుంటూ గుట్ట దిగి పరిగెత్తాడు. వెనకనుంచి నేరేళ్ల అరుపు వినపడుతూనే ఉంది. కాసేపటికి అదీ వినపడలేదు. వినపడకపోయేసరికి భయం ఇంకా ఎక్కువైంది.

మలుపు దగ్గర చీకట్లో ఆగి, "అవ్వా! సూరమ్మవ్వా!" అని గొంతు చించుకుని అరిచాడు.

"మామా, వాగులో! వాగులో!" అని మిణుగురులు అరిచాయి. "మేం చెప్పాం. ఆవిడ బెల్లు కొట్టుకుంటూ వచ్చింది, మా మాట వినపడలేదు. ఇసుక కుప్ప చూసి పక్కకి తిప్పింది. రాళ్లకి తగిలి పడిపోయింది!"

కిందనుంచి మూలుగు వినిపించింది. అరుపులకి వరహాలు, చిట్టెమ్మ ఇళ్లలోంచి పరిగెత్తుకొచ్చారు. చిట్టెమ్మ పైకి చూసింది, కిందికి చూసింది. వెంటనే స్తంభమెక్కి పాదుని పళ్లతో పరపరా కొరికేసింది. పిందెలన్నీ కింద రాలాయి. వెలుగు ఒక్కసారిగా వాగులోకి పడింది.

సూరమ్మ నడుం లోతు నీళ్లలో ఒక బండని పట్టుకుని ఉంది. మందుల సంచి ఎప్పుడో కొట్టుకుపోయింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరగా వేలాడుతోంది.

జంబయ్య దిగి ఆమెని వీపున ఎక్కించుకున్నాడు. వరహాలు ముట్టెతో వెనకనుంచి నెట్టాడు. ముగ్గురూ గట్టెక్కారు.

"ఎవడురా ఆ రాళ్లు పెట్టింది?" అంది సూరమ్మ, నొప్పితో పళ్లు కొరుకుతూ.

మిణుగురులకి తప్ప ఎవరికీ తెలియదు. తను ఊరుకుంటే అప్పటికి గడిచిపోతుంది. అయినా జంబయ్య చెప్పాడు.

"నేనే అవ్వా."

"తిట్టుకోవడానికి తర్వాత బోలెడు పొద్దుంది. నడు, పిల్ల ఎలా ఉందో!" అంది సూరమ్మ.

గుహలోకి వెళ్లేసరికి నేరేళ్ల కళ్లు మూతలు పడుతున్నాయి. సూరమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"నా చెయ్యి పనికిరాదు. నీ చేతులు కడుక్కో" అంది జంబయ్యతో.

"నేనా? ఈ మొరటు చేతులతోనా?"

"ఇంకెవరున్నారిక్కడ? చెప్పింది చెప్పినట్టు చెయ్యి."

ఆమె చెప్పింది, అతను చేశాడు. అతను తడబడితే, "కంగారు పడకు!" అని కసిరింది. చివరికి బిడ్డ అతని చేతుల్లో పడింది. తడి తడిగా, చిన్నగా. కానీ ఏడవలేదు. కదల్లేదు.

"అవ్వా, ఏడవడం లేదు! అవ్వా!"

"నోరు తుడువు. బోర్లా పట్టుకో. వీపు రుద్దు. గట్టిగా కాదు, నెమ్మదిగా. ఆపకు!"

జంబయ్య రుద్దాడు. ఏమీ లేదు. నేరేళ్లు తల ఎత్తి చూస్తోంది. అతను భార్య కళ్లలోకి చూడలేకపోయాడు. మళ్లీ రుద్దాడు. ఏమీ లేదు. మళ్లీ రుద్దాడు. అప్పుడు బిడ్డ ఒక్కసారి తుమ్మి, కేర్‌మని ఏడ్చింది.

జంబయ్య కూడా కూలబడి పెద్దపెట్టున ఏడ్చాడు.

తెల్లారింది. బిడ్డని చూడ్డానికి ఊరంతా కదిలొచ్చింది. అందరూ ఆ మలుపు మీదుగానే వచ్చారు. అందరూ రాళ్లు చూశారు. "అయ్యయ్యో, వీటికి తగిలేనా పడింది!" అని నొచ్చుకున్నారు. జాగ్రత్తగా పక్కనుంచి నడిచి వచ్చారు. ఒక్కరు కూడా ఒక్క రాయి తియ్యలేదు!

ఆ సంగతి విని జంబయ్య కిందికి దిగాడు. ఒక్కొక్క రాయీ మోసి వాగు ఒడ్డున పడేశాడు. చూస్తే పనంతా ఎంతోసేపు పట్టలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. అప్పటికే వరహాలు ఇసుకని గంపలతో ఇంటి వెనక్కి మోసుకుంటున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సూరమ్మ చెయ్యి అతుక్కుంది గానీ వంకరగానే అతుక్కుంది. ఆ చెయ్యి మళ్లీ సైకిలు హ్యాండిలు పట్టలేదు. పుట్టే బిడ్డనీ పట్టలేదు.

ఒకరోజు జంబయ్య పెద్ద కుండ నిండా తేనె తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. కుండ ముందు పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు.

"కోపం తీరలేదా అవ్వా?" అన్నాడు.

"రాళ్లు పెట్టినందుకు నాకు కోపం లేదురా. ఎవరూ గుద్దుకోకూడదనే పెట్టావు. మంచి పనే" అంది సూరమ్మ.

"మరి?"

"తొందరలో ఉన్నావు. అదీ నాకు తెలుసు. కానీ వచ్చేవాళ్లు ఎవరో తీస్తారన్నావట, మిణుగురులతో. నీ వెనకే వస్తానని నీకు చెప్పిందెవరురా? నేనే కదూ? ఆ ఎవరో నేనేనని నీకు ఒక్కసారైనా తోచలేదా?"

సూరమ్మ ఎడమచేత్తో కుండ మూత తీయడానికి తిప్పలు పడుతోంది. జంబయ్య వంగి, మూత తీసి ఇచ్చాడు.

నీతి: అవసరానికి దారిలో పెట్టినదాన్ని తీసేస్తేనే మన పని పూర్తయినట్టు. మన వెనక వచ్చే "ఎవరో" మనకోసమే వస్తున్నవాళ్లు కావచ్చు.