కుమ్మరి ఇల్లాలి కల

రోము చక్రవర్తులు పాత దేవుళ్ళ గుళ్ళు మూయిస్తున్న రోజులవి. ఈజిప్టు తీరంలోని ఒక పట్నంలో మెనాస్ అనే ముసలి పండితుడు పూర్వగ్రంథాలు పాఠం చెప్పేవాడు. ఆయన శిష్యుల్లో కాలియాస్‌ది చురుకైన బుర్ర. కలలో కనిపించే దేవుడు మన మనసు గీసుకున్న బొమ్మేనని నిరూపిస్తూ, మూడేళ్ళు కష్టపడి ఒక గ్రంథం రాశాడు.

"ఇందులో తప్పుందా గురువుగారూ?" అని అడిగాడు. లేదని అతనికి ముందే తెలుసు.

మెనాస్ చివరిదాకా చదివాడు. "లేదు" అన్నాడు. చెప్పులు తొడుక్కుని, "నాతో రా" అన్నాడు.

రేవు పక్కన వైద్యదేవుడి గుడి ఉంది. అక్కడ పడుకున్నవాళ్ళకు దేవుడు కలలోకి వచ్చి మందు చెబుతాడని పేరు. కిందటి నెలే సైనికులు విగ్రహాన్ని పగలగొట్టారు. అయినా ఆ మిట్టమధ్యాహ్నం, ఒళ్ళు కాలిపోతున్న కూతురు నోఫ్రీని ఒళ్ళో వేసుకుని, ఒక కుమ్మరి ఇల్లాలు ఆ రాతిముక్కల మధ్యే కూర్చుని ఉంది.

"నాలుగు రోజులుగా జ్వరం అయ్యా. ఆయన్ని అడుగుదామంటే నాకు నిద్ర పట్టదు. కన్ను మూస్తే పిల్ల ఏమైపోతుందోనని భయం."

"నువ్వు పడుకో తల్లీ. ఇతను చూసుకుంటాడు" అని మెనాస్ పాపను తీసి కాలియాస్ ఒళ్ళో పెట్టాడు.

ఆమె ఉన్నచోటే ఒరిగి నిద్రపోయింది. కాలియాస్ తడిగుడ్డతో పాప నుదురు తుడుస్తూ కూర్చున్నాడు. ఐదేళ్ళుంటాయేమో. అతని వేలు గట్టిగా పట్టుకుంది. పాప గోళ్ళ కింద బంకమట్టి ఎండిపోయి ఉంది.

ఎండ వాలేసరికి పాపకు ఎగఊపిరి మొదలైంది.

"గురువుగారూ, ఏదైనా మందు..."

మెనాస్ తల అడ్డంగా ఊపి, తల్లిని తట్టి లేపాడు.

ఆమె నవ్వుతూ లేచింది. "వచ్చాడు! నోఫ్రీ, నీ నుదుటి మీద చెయ్యి వేశాడే. ఇక నొప్పి ఉండదన్నాడు" అంటూ పాపను గుండెకు హత్తుకుంది. ఆ చేతుల్లోనే పాప ఊపిరి ఆగిపోయింది.

చాలాసేపు ఆమె ఏడవలేదు. తర్వాత కాలియాస్ వైపు చూసింది.

"నువ్వు మెలకువగానే ఉన్నావు కదా బాబూ. నిజంగా వచ్చాడా?"

కాలియాస్ పాప చేతి వైపు చూశాడు.

"వచ్చాడమ్మా" అన్నాడు. "చెయ్యి వేశాడు."

అప్పుడామె ఏడ్చింది.

కాలియాస్ బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. వెనకే గురువు వచ్చాడు.

"అబద్ధమాడాను గురువుగారూ."

"ఆమె ఇల్లు చాలా దూరం" అన్నాడు మెనాస్. "లోపలికి వెళ్ళి పాపను ఎత్తుకో."