పందిరమ్మ గుడిలో వంకర ఆనపకాయ

పాదులవలస పందిరమ్మ తల్లి దర్శనానికి వచ్చే భక్తులు గాలిగోపురం కోసం వెతకనక్కరలేదు. అమ్మవారి గుడికి కప్పే లేదు. ఒక పాతకాలపు ఇంటి పెరటి తడిక తీసుకుని లోపలికి వెళితే వెదురు పందిరి, దాని మీద ఆనపతీగ, దాని నీడలో మెడ వంకరగా ఉన్న రాతి అమ్మవారు. కార్తీకమాసం చివరి ఆదివారం నాడు వస్తే ఆ వైభోగం చూడాలి! ఊరి ఆడవాళ్లందరూ ఎండిన ఆనపకాయలు పట్టుకుని, గింజలు గలగలలాడేలా ఊపుకుంటూ వీధి వెంట వస్తారు. ఆ మోత పొరుగూరి పొలిమేర దాకా వినిపిస్తుంది. మేళతాళాలు పెట్టిద్దామని ఒకసారి ఎవరో అన్నారట గానీ, ఆ గలగలల్లో సన్నాయి ఎవరికి వినబడుతుందని పెద్దలు వద్దన్నారు.

పూర్వం ఈ పెరడు సన్యాసమ్మ అనే ఇల్లాలిది. ఆమె పాదులో కాసిన ఆనపకాయ పులుసులో పడితే వెన్నలా ఉడికేది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఆ ఊళ్లో సన్యాసమ్మ ఇంటి వల్లనే నిలబడిందనేవారు. ఇరుగుపొరుగులకు ఆమె కాయలు ధారాళంగానే పంచేది. అయితే లేతకాయలే పంచేది. లేతకాయలో గింజ మొలకెత్తదు గదా! ఇచ్చిన పేరుకు పేరు, విత్తనం మాత్రం తన ఇంట్లోనే. విత్తనానికి వదిలిన కాయకు సున్నంతో మూడు బొట్లు పెట్టి, ఎండాక వంటింటి దూలానికి వేలాడదీసేది.

ఒక ఏడు అలా బొట్లు పెట్టిన కాయల్లో ఒకటి మెడ వంకరపోయింది. వంకరకాయ విత్తనానికి పనికిరాదని సన్యాసమ్మ విసుక్కుంటూ ఉండగా, ఒక ముసలమ్మ తడిక దగ్గర నిలబడి కాయ అడిగింది.

"ఇది కూరకి ముదురు, ఇత్తనానికి వంకర. నీళ్లబుర్రకైనా పనికొత్తాది, పట్టుకెళ్లు మామ్మా" అని సన్యాసమ్మ దాన్ని ఆమె చేతిలో పడేసింది. ముసలమ్మ దాన్ని పసిబిడ్డలా చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు ఆశ్వయుజంలో పెద్ద తుపాను వచ్చింది. ఏరు ఊరి మీద పడింది. పాదులు, పందిళ్లు, తడికలు కొట్టుకుపోయాయి. సన్యాసమ్మ వంటింటి పైకప్పు కూలి, దూలానికున్న విత్తనపు కాయలన్నీ నాని కుళ్లిపోయాయి. ఒక్క మంచి గింజ మిగలలేదు. ఇంకొకరి దగ్గర తెచ్చుకుందామంటే ఆమె ఎవరికీ ఇచ్చి ఉండలేదు. తరతరాల విత్తనం తన చేతుల్లోనే అంతరించిందని ఆమె పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ ముసలమ్మ మళ్లీ వచ్చి అన్నం అడిగింది. పెరటి నేలలో దాగిన చేమదుంపలు తప్ప వండడానికి ఏమీ మిగలలేదు. సన్యాసమ్మ వాటినే తవ్వి, చింతపండు పిసికి, కాస్త బెల్లం వేసి పులుసు కాచి తనకంటూ మిగుల్చుకోకుండా పెట్టింది.

"పులుసు బాగుంది గానీ, ఆనపముక్క లేని లోటు తెలుస్తంది" అంటూ ముసలమ్మ మూటలోంచి ఎండిన కాయను తీసి ఊపింది. గలగలమంది! మెడ వంకర. పైన సన్యాసమ్మ పెట్టిన మూడు సున్నం బొట్లు.

"నీ కాయే ఇది. గింజలు ఊరందరికీ పంచు. నీ పాదులో నీ సేత్తో ఎయ్యకు. ఇంకొకరు అడక్కుండా తెచ్చిచ్చిన గింజే నీ పందిరి ఎక్కాల" అని చెప్పి, ముసలమ్మ తడిక దాటి కనబడకుండా పోయింది.

సన్యాసమ్మ ఇల్లిల్లూ తిరిగి గింజలు పంచింది. ఎంత నిష్ఠగా పంచినా పాతబుద్ధి ఊరుకుంటుందా? ఒక్క గింజ కొంగున ముడివేసుకుంది. ఇంటికి వచ్చేసరికి పక్కింటి తవుడమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "అందరికీ ఇచ్చినావంట, నాకు లేదేటి వొదినా?" అంది. సన్యాసమ్మ కొంగు వైపు చూసుకుంది. ముడి విప్పి ఆ గింజ తవుడమ్మ చేతిలో పెట్టింది.

ఆ ఏడు ఊరంతా తీగలు పాకాయి. సన్యాసమ్మ పందిరి మాత్రం బోడిగా నిలిచింది. ముసలమ్మ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే అడిగినట్టే కదా! ఇన్నేళ్లూ లేతకాయలతో సరిపెట్టిన తనకు ఎవరు తెచ్చిస్తారన్న దిగులు ఆమెను తొలిచేసింది. మళ్లీ కార్తీకం వచ్చింది. ఆమె పాదు గుల్లచేసి, ఎరువు, బూడిద కలిపి తడిక వైపు చూస్తూ కూర్చుంది. ఆడవాళ్లు వస్తున్నారు, పోతున్నారు. ఎవరి చేతిలోనూ కాయ లేదు. పొద్దు వాలింది.

అప్పుడు వీధిలో గలగలమని వినిపించింది. తవుడమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఎండిన ఆనపకాయ ఉంది, దాని మెడ వంకరగా ఉంది.

"నువ్వు లేతయే ఇచ్చేదానివి వొదినా. నాను ముదురుది తెచ్చినాను" అంది తవుడమ్మ నవ్వుతూ.

సన్యాసమ్మ ఆమె చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇద్దరూ కలిసి విత్తడానికి పాదులో ఇంకాస్త లోతుగా గునపం వేస్తే ఖంగుమంది. మట్టి తీసి చూడగా వంకరమెడతో ఒక రాయి, దాని మీద మూడు తెల్లని బొట్లు! ఆ తల్లే నేటి పందిరమ్మ.

నాటి నుంచి పాదులవలసలో ఎవరి విత్తనం వారు నాటరు. కార్తీక ఆదివారం నాడు అమ్మవారి ఎదుట కాయలు ఊపి, పక్కవారి చేతిలో పెడతారు. ఆనపముక్కలు, చేమదుంపలు కలిపి బెల్లం వేసి కాచిన పులుసే ప్రసాదం. తల్లిని నమ్మి కొలిచినవారి పెరటిలో పాదు ఎండదని, ఇంట్లో ఉయ్యాల ఊగుతుందని ఇక్కడివారి నమ్మకం. దర్శనం చేసుకున్న ప్రతివారికీ ఒక గింజ ఇస్తారు. భక్తులు దాన్ని భద్రంగా తీసుకువెళ్లి, ఇల్లు చేరగానే పక్కింటి తలుపు తట్టవలెను.