లాగి చూసిన మొవ్వు

శిష్యులు ప్రశ్న అడిగితే సుభద్రమ్మగారు జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. లంబసింగి కొండల్లో, చలికాలం గడ్డిమీద మంచు పేరుకునే చోట, ఆమె ఆశ్రమం.

కోనసీమ నుంచి వచ్చిన పల్లంరాజు నాలుగేళ్ళుగా అక్కడ ధ్యానం నేర్చుకుంటున్నాడు. పొద్దున్నే కూర్చోవడం, మనసు కుదిరిందా లేదా అని వెతుక్కోవడం, కుదరలేదని దిగులుపడటం, ఇదీ వరస. ఒక మాఘమాసంలో సంచీ సర్దుకుని వచ్చి, "అమ్మా, నాలో ఏమైనా నాటుకుందా? లేకపోతే వెళ్ళిపొమ్మంటారా?" అని అడిగాడు.

ఆమె పెరట్లోని పామ్ మొక్కను చూపించారు. వసారాలో కుండీలో ఏళ్ళ తరబడి పెరిగి, ఆ ఏడే నేలకు మారిన మొక్క. చలికి తట్టుకునే జాతే గాని, ఆ ఏటి మంచు దాన్నీ వదల్లేదు. విసనకర్రల్లాంటి ఆకులన్నీ మాడిపోయాయి.

"ఇది బతికుందా, చెప్పు."

కొబ్బరితోటల్లో పుట్టినవాడికి ఒకరు నేర్పాలా! నడినెత్తిన విచ్చుకోని లేతాకును, అదే మొవ్వును, మెల్లగా లాగాడు. ఊడిరాలేదు. "బతికే ఉందండి!"

"అయితే చిగురు వేసేదాకా నువ్వే చూసుకో. నీ సంగతి తర్వాత చూద్దాం."

పల్లంరాజు పంతం పట్టాడు. నీళ్ళు పోశాడు, మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. రోజూ పొద్దున్నే వచ్చి మొవ్వు లాగి చూసేవాడు. తొమ్మిదో రోజున అది చేతిలోకి వచ్చేసింది. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

"కొబ్బరికైతే మొవ్వు పోతే చెట్టు పోయినట్టేనండి. నేనే చంపేశాను."

"ఇది కొబ్బరి కాదు. పోయిందో లేదో దాన్నే చెప్పనీ." ఆమె మొవ్వు ఊడిన గుంటలో కుళ్ళు పట్టకుండా మైలుతుత్తం నీళ్ళు పోయించి లోపలికి వెళ్ళిపోయారు.

సర్దిన సంచీ గుమ్మం దగ్గరే ఉంది. పల్లంరాజు మాత్రం కొండ దిగలేదు. చిగురు చూడందే కదలనని ఒట్టు పెట్టుకున్నాడు. నీళ్ళు పోసేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేసేవాడు. వేసవి అంతా అలాగే గడిచింది. ఆషాఢంలో, మాడిన మొక్క నడినెత్తిన వేలెడు పచ్చదనం లేచింది.

పరుగెత్తుకొచ్చి చెప్పాడు. ఆమె అడిగారు: "లాగి చూశావా?"

"అబ్బే, ముట్టుకోనైనా లేదండి."

"మరి నాలుగేళ్ళుగా పొద్దున్నే కూర్చుని దేన్ని లాగి చూస్తున్నావు నాయనా?"