నక్క కూత, బాతు పట్టు

కూర్చోండి. మోకాళ్ళకు ఐసు పెట్టుకుంటూ కూడా వినొచ్చు. నిన్న పక్క కాలేజీ నుంచి వచ్చిన బక్కపలచని కుర్రాడొకడు కూతకొచ్చి మిమ్మల్నందర్నీ వరసపెట్టి అవుట్ చేసి పోతుంటే, గట్టు మీద నిలబడి చూస్తున్న నాకు కడుపు మండిపోయింది. రేపు బడుల్లో పిల్లలకు ఆటలు నేర్పాల్సినవాళ్ళు మీరు. పాఠం చెబితే ఎలాగూ ఆవలిస్తారు కాబట్టి ఈపూట కథ చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ, మధ్యలో లేచారంటే మైదానం చుట్టూ పరిగెత్తిస్తాను.

గుండ్లకమ్మ ఒడ్డున ఒక రైతు దొడ్డి ఉండేది. అందులో ఒక పొట్టేలు, ఒక గాడిద, ఒక కోడిపుంజు, పిల్లల తల్లి అయిన కోడిపెట్ట, ఒక ముసలి ఎద్దు ఉండేవి. వీటితోపాటు ఒక బాతు. దాని సంగతి కొంచెం చెప్పాలి. రైతు భార్య ఎక్కడో దొరికిన బాతుగుడ్డు తెచ్చి కిందటేడు పెట్ట కింద పెట్టి పొదిగించింది. పిల్ల బయటికొచ్చాక దాని బల్లపరుపు ముక్కూ, వెడల్పాటి పాదాలూ చూసి దొడ్డంతా నవ్వింది. పెట్ట మాత్రం నా రెక్కల కింద వెచ్చబడింది నా బిడ్డేనని తేల్చి చెప్పి, తన పిల్లలతో సమానంగా సాకింది. బాతు కూడా పెట్టను అమ్మా అనే పిలిచేది.

ఏటి అవతల తుప్పల్లో ఒక నక్క ఉండేది. ఈ ఏడు పెట్ట పొదిగి దించిన పిల్లల మీద దాని కన్ను పడింది. కాపలా కుక్క మందతోపాటు కొండకు పోయింది, వానలు పడేదాకా రాదు. అయినా దొడ్డి కంచెకు ఉన్న ఒకే ఒక్క కంతకు అడ్డంగా ఎద్దు పడుకునేది. ఆ కొమ్ములు దాటి లోపలికి రావడం నక్క వల్ల కాలేదు. దాంతో ఒకరోజు పొద్దున్నే కంచె బయట కూర్చుని, పొట్టేలుతో కబుర్లు మొదలుపెట్టింది.

"పొట్టేలు బావా, మీ దొడ్లో నలుగురు కలిసినా చెడుగుడులో నన్నొక్కణ్ణి పట్టలేరని ఏటి అవతల అంతా అనుకుంటున్నారు. నేను మాత్రం నమ్మలేదనుకో" అంది.

పొట్టేలుకు బుర్రలో మెదడు తక్కువ, దాని మీద ఎముక ఎక్కువ. వెంటనే పౌరుషం పొడుచుకొచ్చింది. ఎద్దు నెమరు ఆపి తల ఎత్తేలోపే పందెం ఖాయం చేసేసింది. నక్క ఓడితే మళ్ళీ ఏరు దాటకూడదు. నక్క గెలిస్తే ఎద్దు కంత దగ్గర్నుంచి లేచిపోవాలి, నక్క రోజుకో కోడిపిల్లను తీసుకుపోవచ్చు.

విషయం తెలిసి పెట్ట గుండెలు బాదుకుంటూ వచ్చింది. "నా పిల్లల్ని పందెం ఒడ్డడానికి నువ్వెవడివిరా? నువ్వు కన్నావా, నువ్వు పొదిగావా?" అని పొట్టేలును నిలదీసింది. ఒక్క గుద్దుతో నక్క డొక్కలు విరగ్గొడతానని పొట్టేలు ఏవో ప్రగల్భాలు పలికింది. పెట్ట ఎద్దు వైపు తిరిగి, ఈ పందెం చెల్లదని చెప్పమని బతిమాలింది. ఎద్దుకూ బాధగానే ఉంది. కానీ దొడ్డి తరఫున మాట బయటికి పోయిందనీ, మాట తప్పితే రేపు కంత దగ్గర తాను ఆగమన్నా ఎవరూ లెక్కచేయరనీ, ఇక గెలవడం ఒక్కటే దారి అనీ చెప్పింది. తానే అంపైరుగా ఉంటానంది. ఎద్దు అబద్ధమాడదని నక్కకూ తెలుసు కాబట్టి ఒప్పుకుంది.

ఆట కళ్ళంలో. ఎద్దు గిట్టతో నడిమి గీత గీసింది, చుట్టూ హద్దు గీసింది. ఒక పక్క పొట్టేలు, గాడిద, పుంజు, బాతు. నాలుగో ఆటగాడు లేక బాతును తీసుకున్నారు, అంతే. ఓ మూల నిలబడి కాళ్ళకు అడ్డం రాకుండా ఉంటే చాలని చెప్పారు దానికి. పెట్ట తన పిల్లల్ని గంప కింద దాచి, ఆ గంప పక్కనే కాపలాగా నిలబడింది.

అటుపక్క నక్క ఏం చేస్తోందో తెలుసా? కళ్ళం చుట్టూ నెమ్మదిగా పరిగెత్తింది. తర్వాత వేగం పెంచింది. ముందుకాళ్ళు చాచి వెన్ను సాగదీసింది, తొడలు సాగదీసింది. అది చూసి మన పొట్టేలు, ఆట మొదలవకముందే అలిసిపోతోందని పకపకా నవ్వింది. మీలో ఎంతమంది నిన్న అలాగే నవ్వారో నాకు తెలుసు. పొద్దుటి చలికి బిగుసుకున్న కండరం ఎండిన తోలుతాడు లాంటిది. నెమ్మదిగా వేడెక్కిస్తే సాగుతుంది, ఒక్కసారిగా గుంజితే పట్టేస్తుంది. నక్క దొంగదే గానీ, వార్మప్ విషయంలో మాత్రం మీకంటే నయం.

మొదలుపెట్టే ముందు నక్క చాలా మర్యాదగా ఒక మాట అడిగింది. "వీరులన్నాక ఎదుటివాడి మొహంలోకి చూస్తూ ఆడాలి. కిందికీ పక్కకీ దొంగచూపులు చూడటం మన వంటివాళ్ళకు తగదు. ఏమంటారు?" అంది. దొడ్డివాళ్ళంతా రొమ్ము విరుచుకుని సరేనన్నారు. అక్కడే చచ్చారు. అది మర్యాద కాదు, ఎర.

చెడుగుడు చెడుగుడు చెడుగుడు అంటూ నక్క గీత దాటింది. పొట్టేలు దాని మొహంలోకే చూస్తోంది. నక్క మొహం ఎడమకు తిరిగింది. పొట్టేలు తల వంచి ఎడమకు దూకింది, అంత బరువుతోనూ అంత వేగంతోనూ. అప్పటికే నక్క కుడి పక్కన ఉంది. బరువెక్కువ, వేగమెక్కువ అయినవాడికి ఆగడానికి కూడా అంత ఎక్కువ చోటు కావాలి. పొట్టేలుకు ఆ చోటు దొరకలేదు. ఆగుదామని కాళ్ళు తన్నిపట్టేసరికి తొడ కండరం పట్టేసింది, కుంటుకుంటూ పోయి హద్దు బయట పడింది. ఎద్దు కళ్ళు మూసుకుని అవుట్ చెప్పింది.

రెండో కూత. గాడిద బిర్రబిగుసుకుని, నాలుగు కాళ్ళూ దగ్గరపెట్టి, నిటారుగా నిలబడి నక్క మొహంలోకి చూస్తోంది. నక్క మొహం వెనక్కి పోతున్నట్టు తిరిగింది. ఇదే సందని గాడిద గిరుక్కున తిరిగి రెండు వెనక కాళ్ళూ ఎత్తి తన్నింది. తన్ను గాలికి తగిలింది. ఒళ్ళంతా ముందుకాళ్ళ మీద, ఆ రెండు కాళ్ళూ పక్కపక్కన అంటించినట్టు ఉన్నాయి. కాళ్ళ మధ్య చోటు ఎంత తగ్గితే నిలకడ అంత తగ్గుతుందని నేను బోర్డు మీద ఎన్నిసార్లు బొమ్మ వేసి ఉంటాను? నక్క భుజంతో ఇలా తాకిందంతే. గాడిద పక్కకు దొర్లిపోయింది. గంప కింద పిల్లలు కిచకిచలాడుతుంటే, పెట్ట దాని మీద రెక్కలు పరిచి కూర్చుంది.

మూడో కూత. పుంజు తెలివైనదే. నక్క అంటుకోబోతే పైకి ఎగరాలని ముందే అనుకుంది. నక్క మొహం ముందుకు చాచగానే ఎగిరింది కూడా, చూడముచ్చటగా. కానీ పారిపోకుండా దాని రెక్క ఈకలు రైతు ఎప్పుడో కత్తిరించాడు. నేలను వదిలిన క్షణంలోనే ఎక్కడ పడతావన్నది తేలిపోతుంది, మధ్యలో మనసు మార్చుకుంటే కుదరదు. నక్క తాపీగా నడిచి, అది దిగబోయే చోట నిలబడి, దిగుతుండగా వీపు మీద ముట్టి గీత దాటిపోయింది.

మిగిలింది బాతు. 

పెట్ట ఏడుస్తోంది. పందెం పోతే పోయింది, ముందు తన బిడ్డను బయటికి పిలిచేద్దామని కూడా అనుకుంది. అవుటయ్యి కూర్చున్న పొట్టేలు తల దించుకుంది. బాతుకూ భయంగానే ఉంది. ఆ గంప కింద ఉన్నవి దాని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ.

"అమ్మా, ఏడవకు. నేను ఇంకా ఆటలోనే ఉన్నాను" అంది.

నక్క కూత ఎత్తింది. బాతు అందరిలాగే మర్యాదగా నక్క మొహంలోకి చూద్దామని మెడ పైకెత్తింది. ఎత్తగానే బరువు వెనక్కి పోయి తోక మీద కూలబడబోయింది. ఇలా అయితే నిలబడటమే కష్టమనుకుని మెడ దించి, పాదాలు ఎడం చేసి, మోకాళ్ళు వంచి, పొట్ట నేలకు ఆనేంత కిందికి దిగింది. ఆ ఎత్తు నుంచి దానికి నక్క కళ్ళు కనబడలేదు, తోక కనబడలేదు. ఎదురుగా కనిపించింది నక్క నడుం ఒక్కటే.

నక్క మొహం ఎడమకు తిప్పింది. నడుం కదల్లేదు. బాతూ కదల్లేదు. నక్క తోక కుడికి విసిరింది. నడుం కదల్లేదు. బాతూ కదల్లేదు. నక్క భుజం ఊపింది, కాలు చాచి వెనక్కి తీసుకుంది, కళ్ళెగరేసింది. ఒళ్ళంతా నాటకమాడుతోంది గానీ నడుం ఉన్నచోటే ఉంది, దాని ఎదురుగా బాతూ ఉన్నచోటే ఉంది. కళ్ళం గట్టు మీద పుంజు లేచి నిలబడింది. గాడిద నోరు తెరిచింది. నక్కకు మొదటిసారి చెమట పట్టింది, ఎందుకంటే ఆ గంతులన్నిటికీ దమ్ము ఖర్చవుతోంది. కూత సన్నబడింది. ముట్టకుండా వెనక్కి పోదామంటే పరువు. ముట్టుకుందామంటే ఆ పొట్టిది తొణకడం లేదు.

ఇక ఆగలేక నక్క నిజంగానే కదిలింది. మొహం ఎడమకు, తోక ఎడమకు, నడుం కుడికి.

బాతు కుడికి వెళ్ళింది.

నక్క పంజా గాలిలో ఊగింది. నక్క చటుక్కున గీత వైపు తిరిగి దూకబోయింది. వెనక కాలు నేల విడిచే క్షణంలో బాతు ఆ చీలమండను ముక్కుతో కరిచి పట్టుకుని, రెండు పాదాలూ నేలకు అదిమి కూర్చుంది. బాతు బరువెంత, నక్క బరువెంత అని అడుగుతారు. నక్కను మోయాల్సిన పని బాతుకు లేదు. ఒళ్ళంతా ముందుకు ఉరుకుతున్నవాడికి చిట్టచివర కాలొక్కటి చిక్కుకుంటే, వాణ్ణి పడగొట్టేది వాడి వేగమే. నక్క నిలువునా బోర్లా పడింది. పొట్ట నేలకు కొట్టుకుని, మిగిలిన కాస్త గాలీ బయటికి తన్నుకొచ్చింది. మూతి గీతకు బెత్తెడు దూరంలో ఉంది. నోట కూత లేదు.

ఎద్దు లేచి నిలబడి, దొడ్డి అదిరేటట్టు "అవుట్" అంది. అంత గట్టిగా అది జన్మలో అరిచి ఎరగదు. పుంజు వేళ కాని వేళ కూతపెట్టింది. గాడిద ఓండ్ర పెడుతూ గెంతింది. పొట్టేలు కుంటుకుంటూ వచ్చి పెట్ట ముందు మోకాళ్ళు వంచి తప్పయిపోయిందంది. పెట్ట దాన్ని పట్టించుకోలేదు, గంప వదిలేసి పరుగున వచ్చి బాతును రెక్కల కింద పొదువుకుంది. బాతు ఇప్పుడు ఆ రెక్కల్లో పట్టనంత పెద్దదైంది, అయినా పెట్ట ఎలాగో పట్టించింది.

నక్క దుమ్ము దులుపుకుంటూ లేచింది. ఎద్దు కొమ్ములు పక్కనే ఉన్నాయి కాబట్టి మాట తప్పే ధైర్యం చేయలేదు. పోతూ పోతూ ఉండబట్టలేక అడిగింది.

"పిల్లా, వాళ్ళందరినీ మోసం చేసింది నా మొహం. నువ్వెలా మోసపోలేదు?"

"నీ మొహం నేను చూస్తేగా బావా" అంది బాతు. "నా ఎత్తుకు నీ నడుమే కనబడింది. అది ఎటు పోతే నువ్వూ అటే పోవాలి కదా, దాన్ని ఇక్కడ వదిలేసి పోలేవుగా."

నక్క తోక ముడుచుకుని ఏరు దాటింది.

ఇక లేవండి. వార్మప్ చేసి కోర్టులోకి దిగండి. నీతి ఒక్క ముక్కే: ఎదుటివాడు మొహం ఎటు తిప్పినా సరే, వాడి బరువు ఎటు మొగ్గుతోందో చూసి అడుగెయ్యండి.