తెల్లదుప్పి ముసుగు

ఫెర్మిన్ కోపంతో ఊగిపోతూ వచ్చాడు. చేతిలో గోడమీంచి చింపుకొచ్చిన పోస్టరు.

"చూశారా గురువుగారూ! ఎవడో మీ ముసుగు వేసుకుని, మీ పేరు పెట్టుకుని పక్క ఊళ్లో కుస్తీ పడుతున్నాడు. ఈ ఆదివారమేనట!"

వస్తాదు డాన్ అన్సెల్మో పోస్టరు అందుకుని చూశాడు. ప్యూబ్లా నగరంలో ఇరుగుపొరుగుకి ఆయనొక కుంటికాలి ముసలాయన, అంతే. మెక్సికో అంతటికీ తెలిసింది తెల్లదుప్పి అన్న ఆయన కుస్తీ పేరే. ఇరవై ఎనిమిదేళ్లు ఆ తెల్ల ముసుగుతో బరిలోకి దిగాడు. మోకాలు పోయాక ఎవరికీ ముఖం చూపించకుండానే తప్పుకున్నాడు. ముసుగు పందెం కాసి ఓడితేనే తీయాలన్నది అక్కడి కుస్తీలో కట్టుబాటు. ఆ పందెం ఆయన ఎన్నడూ ఓడలేదు. తెల్లదుప్పి ఎవరో తెలిసిన శిష్యుడు ఫెర్మిన్ ఒక్కడే.

"పన్నెండేళ్లు మీ దగ్గర నేర్చుకున్న నేనే ఆ ముసుగు ముట్టుకోలేదు. దొంగ వెధవ! అందరి ముందూ నేనే పీకేస్తాను దాన్ని!"

"వెళ్లి చూద్దాం పద," అన్నాడు అన్సెల్మో.

ఆదివారం ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. దొంగ దుప్పికి ఆట సరిగా రాదు. ఎగరబోయి జారాడు. పట్టు పట్టి వదిలేశాడు. జనం ఈలలేసి గేలి చేశారు. ఈల వినపడిన ప్రతిసారీ ఫెర్మిన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ గేలి తన గురువు పేరుకి.

ఇంతలో ప్రత్యర్థి వాణ్ణి వెనకనుంచి పడగొట్టి, మెడమీద మోకాలు వేసి, ముసుగు ముడులు తెంపేశాడు. పందెమూ లేదు, పాడూ లేదు. రిఫరీ చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ముసుగు జనంలోకి ఎగిరింది.

వాడు బోర్లాపడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ప్రత్యర్థి ఆ చేతులు పట్టి లాగుతున్నాడు.

"బాగా అయింది!" ఫెర్మిన్ చప్పట్లు కొట్టాడు.

పక్క కుర్చీ ఖాళీ. అన్సెల్మో కుంటుకుంటూ వెళ్లి బరి చుట్టూ కట్టిన తాళ్ల సందులోంచి లోపలికి దూరుతున్నాడు. ప్రత్యర్థిని ఒక్క తోపు తోశాడు.

"సిగ్గులేదట్రా నీకు? వాడు పందెం కాశాడా?"

ఆయన గొంతు అలా లేవడం ఫెర్మిన్ పన్నెండేళ్లలో ఎప్పుడూ వినలేదు. ఎవడీ ముసలాడని జనం అరిచారు. కాగితపు గ్లాసులు విసిరారు. ఒకటి ఆయన చెంపకి తగిలింది. ఆయన పడినవాడికి అడ్డంగా నిలబడి, శిష్యుడి వైపు చెయ్యి చాచాడు.

"నీ కోటు ఇలా తే."

"నా కోటా? ఆ దొంగకా?" అన్నాడు ఫెర్మిన్. "ఎందుకివ్వాలి గురువుగారూ?"

"ముఖం దాచుకుంటున్నాడు, కనపడటంలేదూ?"

ఫెర్మిన్ ముఖం కప్పుకున్న ఆ చేతుల వైపు చూశాడు. తర్వాత కోటు విప్పి, తనే బరి ఎక్కాడు. వాడి పక్కన మోకాళ్లమీద కూర్చున్నాడు.

వాడి తలమీద కోటు కప్పేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.