రెండు వాషర్లు

ఖాసింపీరా ఉస్తాదుకు ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. పొదిలిలో ఆయన మోటారు సైకిళ్ళ షెడ్డుకు ఎదురుగా నేను ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. ఇన్నేళ్ళలో ఆయన నోటి వెంట వరసగా నాలుగు మాటలు వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నా నోటికి అలాంటి పట్టింపులేమీ లేవు కాబట్టి ఈ సంగతి మీదాకా వచ్చింది.

ఆయన శిష్యుడు మాలకొండయ్య. కుర్రవాడేం కాదు, ముప్పై నాలుగేళ్ళ మనిషి. కనిగిరిలో సొంత షెడ్డు నడిపినవాడే, పాత ఇంజన్ల లోతు తెలుసుకోవాలని దానికి తాళం వేసి ఇక్కడికి వచ్చాడు. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. ఎంత గోల చేసే బండినైనా గంటలో నోరు మూయిస్తాడని పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు వింటే చాలు, వాడికి కడుపు నిండిపోయేది.

తిరునాళ్ళ మూడోరోజు మధ్యాహ్నం వాడు ఉస్తాదును అడిగాడు.

"ఉస్తాద్, బండి తెచ్చినవాళ్ళు చప్పుడు పోవాలంటారు. మనం పోగొడతాం. చప్పుడు పోయాక ఇక రోగం ఎక్కడుంటుంది?"

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. తిరునాళ్ళలో చెక్కలతో కట్టిన పెద్ద బావి ఒకటి దిగింది. జనం పైన చుట్టూ నిలబడి లోపలికి తొంగి చూస్తుంటారు, లోపల సలోమి అనే ఆమె నిట్టనిలువు గోడ మీద మోటారు సైకిలు నడుపుతుంది. బండి వేగమే ఆమెను గోడకు పట్టి ఉంచేది. ఇంజను ఆగిందా, పాతిక అడుగుల కింద నేలే. అలాంటి ఆమె బండి ముందురోజు పొద్దున ఇంజను ఎడమ పక్క గలగలమంటూ వచ్చింది. ఉస్తాదు సామాన్ల కోసం ఒంగోలు వెళ్ళి ఉన్నాడు. మాలకొండయ్య గంటలో దాని గోల మాన్పి పంపించేశాడు.

ఇవాళ సలోమి ఆ బండి మీదే వచ్చి, మిఠాయి పొట్లం వాడి చేతిలో పెట్టింది. "అన్నా, నువ్వు చెయ్యి పెట్టాక పిల్లిలా నడుస్తోంది" అంది. వాడు కాలరు సర్దుకున్నాడు. ఆ చొక్కా నేను కుట్టిందే.

ఉస్తాదు పొడుగు స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఆయన ఇంజను వినేది అలాగే. చాలాసేపు విన్నాడు.

"ఏం మార్చావు?"

"మార్చలేదు ఉస్తాద్, సర్దాను" అన్నాడు మాలకొండయ్య. ఆ వెంటనే అడిగాడు, నేను ఇందాక చెప్పిన ప్రశ్న.

ఉస్తాదు సలోమిని బండి పక్కకు పిలిచి నెమ్మదిగా ఏదో చెప్పాడు. తర్వాత మా అందరికీ వినపడేలా అన్నాడు. "అమ్మా, ఇవాళ మొదటి ఆటకు మావాణ్ణి వెనక కూర్చోబెట్టుకో. వాడు బాగుచేసిన బండి, ముందు వాడే ఎక్కాలి."

మాలకొండయ్య మొహం వెలిగిపోయింది. నాకు కడుపు మండింది, దాచడమెందుకు. ఇరవై రెండేళ్ళ ఎదురింటి స్నేహానికి నాకు దక్కని భాగ్యం వాడికి దక్కింది. కొలత టేపు మెళ్ళో ఉండగానే షాపు మూసి వాళ్ళ వెంట నడిచాను.

నాలుగింటి ఆటకు బావి పైన చీమ దూరే సందు లేదు. నేను మోచేతులకు పని చెప్పి, అంచున కట్టిన ఇనుపతాడు దగ్గర చోటు సంపాదించాను. కింద మాలకొండయ్య సలోమి వెనక కూర్చుని, పైనున్న తెలిసినవాళ్ళకు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె కిక్కు కొట్టింది. బండి నిజంగానే మెత్తగా పలికింది.

"అన్నా, గట్టిగా పట్టుకో. పైకెక్కాక ఇంజను ఆగితే ఇద్దరం పోతాం. నువ్వు చేసిన బండే కాబట్టి నాకు బెంగ లేదు" అంది సలోమి. ఆమె గొంతు బావిలో ఖంగుమంది.

నేల మీద ఒక చుట్టు తిరిగారు. ఊపిన చెయ్యి కిందికి దిగింది. రెండో చుట్టులో బండి గోడ మొదట్లోని వాలు చెక్కల దగ్గరికి వస్తుంటే వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఏదో వింటున్నట్టు వాడి తల ఇంజను వైపు వంగిపోయింది. బావి మొత్తం వినేలా అరిచాడు.

"ఆపమ్మా, ఆపు. లోపల వాషర్లు పెట్టాను."

బండి ఆగింది. వాడు దిగి అక్కడే చతికిలపడ్డాడు.

ఇంతకీ ఆ వాషర్ల కథేమిటంటే, ఇంజను లోపల కింది నుంచి పైకి తిరిగే సన్నటి చైను ఒకటుంది. గాలి, పొగ వచ్చిపోయే తలుపులు సమయానికి తెరుచుకునేది దానివల్లే. అరిగేకొద్దీ అది సాగుతుంది. సాగిన వదులును వెనక నుంచి నెట్టి సర్దేది టెన్షనరు. అదీ నెట్టగలిగినంత నెట్టి ఇక చేతకాకపోతే చైను గలగలమంటుంది, మార్చమని. మావాడు మార్చలేదు. టెన్షనరు వెనక రెండు వాషర్లు దూర్చి చైను నోరు నొక్కాడు. ఆ చైను తన చక్రం మీద ఒక్క పన్ను జారితే లోపలివి ఒకదానికొకటి గుద్దుకుని ఇంజను బిగుసుకుపోతుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. నాకైతే దిగి వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

దిగాను కూడా. అప్పటికే బావి కింది తలుపు తీసుకుని ఉస్తాదు లోపలికి వచ్చాడు. భుజాన పనిముట్ల సంచి ఉంది, అందులో కొత్త చైనూ దాని తోటి సామానూ ఉన్నాయి.

మాలకొండయ్య ఆయన్ను చూసి, "నన్ను చంపేద్దామనుకున్నారా ఉస్తాద్?" అన్నాడు.

సలోమి నవ్వింది. "గోడ ఎక్కించొద్దు, నేల మీద రెండు చుట్లు తిప్పి ఆపమన్నాడు మీ ఉస్తాదు. ఇంజను విప్పేదాకా నన్నూ గోడ ఎక్కొద్దన్నాడు."

బావి యజమాని లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు. ఉస్తాదు ఆయనకు రెండు వేళ్ళు చూపించాడు, రెండు గంటలని. తర్వాత గోనెపట్టా పరిచి స్పానరు మాలకొండయ్య చేతికి ఇచ్చాడు. విప్పడం అక్కడే మొదలైంది, బావి అడుగున, నాలుగు వందల మంది పైనుంచి చూస్తుండగా. ఒక్కరన్నా కదలలేదండీ. గోడెక్కే బండికన్నా ఇంజను విప్పే మనిషి మీదే అందరి కళ్ళూ. పైనుంచి ఒక పెద్దమనిషి, "నిదానమయ్యా, నిదానం" అంటూనే ఉన్నాడు, చెడ్డ మంగలి ముందు కూర్చున్నవాడిలా.

టెన్షనరు ఊడగానే రెండు వాషర్లు గోనె మీద పడ్డాయి. టెన్షనరులో చైనును నెట్టే పుల్ల చివరి పన్ను దాకా బయటికొచ్చేసి ఉంది. చైను పక్కన ఉండే రబ్బరు పట్టీని ఆ అదనపు బిగింపు ఒక్కరోజులో గాడి పడేలా కోసేసింది. ఉస్తాదు పాత చైనునూ కొత్త చైనునూ బావి తలుపుకున్న ఒకే మేకుకు తగిలించాడు. పాతది కొత్తదానికన్నా బియ్యపుగింజంత పొడుగుంది. అంతే తేడా. సలోమి ఆ గింజంత ఖాళీని వేలితో తాకింది.

"నిన్న దీని మీద ఆరు ఆటలు ఆడాను" అంది.

కళ్ళనీళ్ళు ఇంజను మీద పడుతుంటే మాలకొండయ్య మోచేత్తో తుడుచుకుంటూ పని చేశాడు. కొత్త పట్టీ, కొత్త టెన్షనరు, కొత్త చైను. చైను తిరిగే చక్రాల మీద కింది గుర్తుకు గుర్తు, పై గుర్తుకు గుర్తు కలిసిందో లేదో మూడుసార్లు సరిచూసుకున్నాడు. అన్నీ బిగించి కిక్కు మీద కాలు వేయబోతే ఉస్తాదు కిక్కు రాడ్డు మీద అరచెయ్యి పెట్టాడు.

"ముందు చేత్తో. రెండు చుట్లు."

వాడు ఇంజనును చేత్తో తిప్పాడు. ఒక చుట్టు, రెండో చుట్టు. లోపల ఏదీ ఎక్కడా తగల్లేదు. అప్పుడు ఉస్తాదు చెయ్యి తీశాడు. కిక్కుకు ఇంజను అందుకోగానే పైన జనం వేసిన ఈలలకు చెక్కలు అదిరాయి. నేనూ వేశాను, ఈ వయసులో.

ఆట ఆరున్నరకు మొదలైంది. సలోమి బండెక్కగానే మాలకొండయ్య ఎవరూ పిలవకుండానే వెళ్ళి వెనక కూర్చున్నాడు. ఆమె ఉస్తాదు వైపు చూసింది. ఆయన తలూపాడు. నేల మీద రెండు చుట్లు, వాలు చెక్కల మీద ఒకటి, ఆ తర్వాత బండి గోడెక్కేసింది. నేను పైకి పరిగెత్తి ఇనుపతాడు పట్టుకునేసరికి బావి మొత్తం ఊగుతోంది. ఒక్కో చుట్టుకు ఒక్కో జానెడు పైకి వస్తూ, చివరికి నా చేతికందేంత దగ్గర నుంచి దూసుకుపోయారు. ఆ గాలికి నా మెళ్ళో టేపు ఎగిరి బావిలో పడింది. పడనీ. వెనక కూర్చున్న మాలకొండయ్య నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. వాణ్ణి కొట్టాలనుకున్నది నేనేనా అనిపించింది.

ఆట అయ్యాక వాడు నేరుగా ఉస్తాదు దగ్గరకు వచ్చాడు. ఇంకా రొప్పుతున్నాడు.

"ఉస్తాద్, పైకెక్కాక నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. అసలు వినాలన్న ధ్యాసే లేదు."

ఉస్తాదు జేబులోంచి ఆ రెండు వాషర్లు తీసి వాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"నాలుగింటికి కూడా బండి చప్పుడు చెయ్యలేదు కదరా. మరి అప్పుడు నువ్వు విన్నదేమిటి?"